నానమ్మ వదిలిన రెండంగుళాలు

మెడలో టేపు లేకుండా మా నానమ్మను చూసినవాళ్ళు ఈ వీధిలో లేరు. స్నానానికి వెళ్తూ దాన్ని తలుపు గొళ్ళేనికి తగిలిస్తుంది, వస్తూ మళ్ళీ మెడలో వేసుకుంటుంది. వీధి మొత్తానికి ఆమె టేపు మామ్మ. అసలు పేరు అడిగితే మా నాన్న కూడా ఒక్క క్షణం తడుముకుంటాడు.

ముందు గదిలో కిటికీ పక్కన ఆమె కాళ్ళతో తొక్కే కుట్టు మిషను ఉంటుంది. నాన్న పుట్టకముందు నుంచీ అది అక్కడే ఉంది. బడి పిల్లల యూనిఫారాలు, చొక్కాలు, ప్యాంట్లు, గౌన్లు, కిటికీ తెరలు, ఒకటని కాదు. నేను ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టేశాక ఆమె దగ్గరే చేరాను. గుండీలు కుట్టడం, కాజాలు తీయడం నా వంతు. కత్తెర మాత్రం ఇవ్వదు. "నీ చేతికి కత్తెర ఇస్తే కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టే" అంటుంది.

ఎవరైనా ఇంటికి వస్తే నానమ్మ ముఖం కన్నా ముందు భుజాలు చూస్తుంది. "ఇప్పుడొచ్చి వెళ్ళిన కుర్రాడు ఎలాంటివాడే నానమ్మా?" అని ఒకసారి అడిగాను. "ఛాతీ ముప్పై ఎనిమిది. ఎడమ భుజం కాస్త జారింది. మంచివాడే" అంది. భుజం జారితే మంచివాడు ఎలా అయ్యాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే, "బరువు మోసే చెయ్యి అలాగే జారుతుంది, మోయించుకునేవాళ్ళ భుజాలే నిటారుగా ఉంటాయి" అని సూదిలో దారం ఎక్కించుకుంది.

ఆమెకు ఒక మొండి పట్టుదల ఉంది. ఏ బట్ట కుట్టినా కుట్టు లోపల గుడ్డ వదలాల్సిందే. ఇటో అంగుళం, అటో అంగుళం లోపలికి మడిచి దాస్తుంది. "ఒళ్ళు ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుందని నీకెవరు రాసిచ్చారు? గుడ్డ ఉంటే విప్పుకోవచ్చు, లేకపోతే విప్పుకుని ఏడవచ్చు" అంటుంది. ఈ వీధిలో పిల్లలు ఒకే లాగు మూడేళ్ళు వేసుకుంటారు. నడివయసు మగవాళ్ళు పొట్ట పెరిగిందని సిగ్గుపడుతూ వెనక వాకిలి నుంచి వచ్చి, ఒక కుట్టు విప్పించుకుని, ముందు వాకిలి నుంచి దర్జాగా వెళ్తారు. ఒక్క తాతయ్యకే ఆ భాగ్యం కలగలేదు. ఆయన లావెక్కుతాడని నానమ్మ పెళ్ళైన మొదటి ఏడాది నుంచీ ఎదురుచూసిందట. ఆయన లావెక్కలేదు. గోడ మీది ఫొటోలో కూడా చొక్కా వేరు, తాతయ్య వేరు అన్నట్టుంటారు.

ఈ అలవాటు ఆమెలో ఎంత లోతుకు దిగిందంటే, కొలిచిన అంకె కళ్ళు చూస్తాయి, కోయాల్సిన అంకె నోరు చెబుతుంది. మధ్యలో కూడిక ఎప్పుడు జరుగుతుందో ఆమెకే తెలియదు. నడుము ముప్పై రెండుంటే నోటివెంట ముప్పై నాలుగే వస్తుంది. పొడుగుల జోలికి పోదు, వెడల్పుకే ఈ కూడిక. అంకెలు కాగితం మీద పెట్టదు. కాగితం పోతుంది గాని తల పోదు అంటుంది. ఇన్నేళ్ళలో ఆ అలవాటు వల్ల ఎవరికీ నష్టం రాలేదు, ఎందుకంటే ఇన్నేళ్ళలో ఆమె కొలిచినవన్నీ గుడ్డతో కుట్టేవే.

ఇక మా స్నానాల గది సంగతి. వాష్‌బేసిన్ కింద ఒక చెక్క అల్మరా ఉండేది. ఉండేది అనడం మర్యాద కోసం. నీళ్ళు తాగి తాగి దాని పలకలు పొంగాయి. ఎడమ తలుపు ఒకే ఒక్క బందు మీద వేలాడేది. దాన్ని తీయడానికి ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. అమ్మ మోకాలితో పైకెత్తి లాగేది. నాన్న మంచిగా రెండుసార్లు లాగి, మూడోసారి తన్నేవాడు. నేను అసలు తీయకుండా కింది కన్నంలోంచి చెయ్యి పెట్టి, చేతికి ఏది తగిలితే దాంతో తల రుద్దుకునేదాన్ని. ఒకసారి అది గిన్నెలు తోమే పొడి. జుట్టు మాత్రం భలే మెరిసింది.

ఒక పొద్దున ఆ తలుపు ఊడి అమ్మ పాదం మీద పడింది. అమ్మ కుంటుతూ వచ్చి ముందు గదిలో నిలబడి, ఎవరినీ చూడకుండా గాలికి చెప్పినట్టు చెప్పింది. "ఈ ఇంట్లో ఆ అల్మరా అయినా ఉండాలి, నేనైనా ఉండాలి."

నాన్న పేపరు పక్కన పెట్టాడు. "అంత మాటెందుకే. వడ్రంగికి చెబుదాం, వచ్చి కొలతలు తీసుకుంటాడు."

అప్పుడు నానమ్మ మిషను ఆపింది. "కొలతలకు వాడెందుకురా? నేను చచ్చానా?"

నాన్న ఏమీ మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోవడం వెనక ఒక పెద్ద గొడవ ఉంది. అది చెప్పకపోతే ఈ కథ నడవదు.

కొన్నాళ్ళ క్రితం నానమ్మ ఒక చొక్కాకు కుడిచేతిని ఎడమ పక్కన, ఎడమచేతిని కుడి పక్కన కుట్టింది. ఇస్త్రీ చేస్తుంటే ఆమే చూసుకుని, తిట్టుకుని, విప్పి సరిచేసింది. కానీ ఆ విప్పుతున్న సమయానికే నాన్న డ్యూటీ నుంచి వచ్చాడు. నాన్న బస్సు డ్రైవరు. దూరం నుంచి వచ్చేదాన్ని ముందే చూడటం ఆయన వృత్తి. ఆ రోజు నుంచీ నానమ్మ కళ్ళు పోతున్నాయని ఆయనకు బెంగ పట్టుకుంది. "ఇంక చాలమ్మా. ఎన్నాళ్ళు కుడతావు? నడుము వంగింది, చూపు తగ్గింది. కూర్చుని తిను" అనడం మొదలుపెట్టాడు. అంతటితో ఊరుకోలేదు. మిషను పట్టుకుపొమ్మని మా మేనత్తకు ఫోను చేసి చెప్పేశాడు. అత్తకు ఆ మిషను మీద చిన్నప్పటి నుంచీ కన్ను. నెలాఖరు ఆదివారం బండి తీసుకుని వస్తానంది.

నానమ్మ ఏడవలేదు, అరవలేదు. టేపు రెండు చేతులా పట్టుకుని, "నా కొలత తప్పిన రోజు పట్టుకుపొండి. ఆ రోజు నేనే బండెక్కించి ఇస్తా. అప్పటిదాకా దానిమీద చెయ్యి పడితే మర్యాద దక్కదు" అంది.

"మాటేనా?" అన్నాడు నాన్న.

"నేను కుట్టిన చొక్కా వేసుకుని నన్నే అడుగుతున్నావా మాటేనా అని?"

అందుకే అల్మరాకు కొలతలు తానే తీస్తానని నానమ్మ అనగానే నాన్న నోరు మూసుకున్నాడు. కాదంటే కళ్ళు పోయాయని ముఖం మీద అన్నట్టవుతుంది. అవునంటే ఏమవుతుందో ఆయనకూ భయమే.

కొలతల కార్యక్రమం చూడాల్సిందే. స్నానాల గదిలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు ఊపిరి బిగబట్టాలి. అటు గోడ, ఇటు అడ్డుగోడ, రెంటి మధ్య ఖాళీలో బేసిన్. ఆ ఖాళీలో దూరేలా అల్మరా కావాలి. నానమ్మ కొంగు బిగించి లోపలికి దిగింది. ఖాళీ వెడల్పు కొలిచింది. బేసిన్ కింది ఎత్తు కొలిచింది. అంతటితో ఆగితే టేపు మామ్మ ఎలా అవుతుంది? తలనూనె సీసా భుజం కొలిచింది, షాంపూ డబ్బా నడుము కొలిచింది, బట్టల సబ్బు పెట్టె ఛాతీ కొలిచింది. అమ్మను బేసిన్ ముందు నిలబెట్టి మోకాలి ఎత్తు తీసుకుంది.

"నా మోకాలెందుకత్తయ్యా?"

"ఇన్నాళ్ళూ దాంతోనే కదే తలుపు తీశావు. కొత్త తలుపు దానికి తగలకూడదు."

"వేలాడే చెయ్యి కూడా కొలవండి, వంగకుండా సబ్బు అందాలి."

"నీకు అన్నీ వంగకుండానే అందాలి" అంటూనే కొలిచింది.

తర్వాత వడ్రంగికి ఫోను చేసింది. అతను మాకు చుట్టం కాదు గాని, నానమ్మను పెద్దమ్మా అంటాడు, నేను బాబాయి అంటాను. బడికి వేసుకెళ్ళిన మొదటి లాగు దగ్గర నుంచి పెళ్ళి కోటు దాకా అతను తొడుక్కున్నవన్నీ నానమ్మ చేతి కుట్లే. "ఒకసారి వచ్చి నేనూ చూసుకుంటా పెద్దమ్మా" అన్నాడట. "నీ కోటు కుట్టేటప్పుడు నువ్వొచ్చి చూసుకున్నావా?" అందట. అంతే. ఆమె చెప్పిన అంకెలు రాసుకుని పలకలు కోసుకున్నాడు.

మేము పాత అల్మరాను ఖాళీ చేశాం. ఎన్నేళ్ళుగా కనిపించని వస్తువులు బయటపడ్డాయి. దువ్వెనలు, సగం వాడిన లేపనాలు, నా చిన్నప్పటి రబ్బరు బాతు, మూత లేని సీసాలు, సీసా లేని మూతలు. ఆఖరున నానమ్మ పళ్ళు తోముకునే బ్రష్షు ఒకటి దొరికింది. "ఇది పోయిందని నన్నెన్ని మాటలన్నారు అత్తయ్యా" అంది అమ్మ, దాన్ని పువ్వులా పట్టుకుని. నానమ్మ ఆ వైపు చూడనే లేదు.

వడ్రంగి బాబాయి అల్మరా తీసుకొచ్చిన రోజు ఇంట్లో సందడే సందడి. నీళ్ళకు ఉబ్బని పలక, లేత నీలం రంగు, తెల్లటి పిడులు, మెత్తగా మూసుకునే తలుపులు. వాకిట్లో దించగానే అమ్మ తలుపు తీసి వేసి తీసి వేసి, మేము చూస్తున్నామని గుర్తొచ్చి ఆగింది.

"పని చక్కగా ఉంది" అంది నానమ్మ. "అంచు చూడు, ఎక్కడా పోగు లేవలేదు."

దాన్ని నేను, బాబాయి చెరో పక్క పట్టుకుని స్నానాల గదిలోకి తీసుకెళ్ళాం. నానమ్మ గుమ్మంలో నిలబడింది.

"పెద్దమ్మా, ఇది దూరడం లేదు" అన్నాడు బాబాయి లోపలి నుంచి.

"తలుపులు ఊడదీసి తొయ్యి."

"తీశా."

"కాస్త ఏటవాలుగా పట్టు."

"పట్టా. మేమందరం ఒప్పుకున్నాం, గోడ ఒక్కటే ఒప్పుకోవడం లేదు."

సరిగ్గా అప్పుడే నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. స్నానాల గది దగ్గర ఇంతమంది గుమిగూడటం చూసి ఎవరో జారిపడ్డారనుకుని పరుగెత్తాడు. సంగతి తెలిసి నెమ్మదించాడు. ఎవరు కొలిచారని అడగలేదు. అందరం నానమ్మ మెడలో టేపు వైపే చూస్తున్నాం కాబట్టి అడగాల్సిన పని లేదు.

నాన్న కోప్పడితే బాగుండేది. "పోన్లేమ్మా" అన్నాడు మెల్లగా. "వయసు. ఎవరికైనా వస్తుంది. నువ్వు బాధపడకు." నానమ్మ ముఖం చిన్నబోయింది. ఆమె టేపును మెడలోంచి తీసి, మడతలు పెడుతూ నిలబడింది. ఆమె దాన్ని మడవగా నేను ఎప్పుడూ చూడలేదు. నాకు నవ్వు రాని సందర్భాలు తక్కువ. అది అందులో ఒకటి.

మడత పూర్తయ్యాక ఆమెకే ఏదో తోచినట్టుంది. మడత విప్పి, అల్మరాను బయటకు లాగించి, కళ్ళద్దాలు సర్దుకుని, లోపలికి వెళ్ళి వంగింది. గోడ నుంచి గోడకు టేపు పట్టింది.

"ముప్పై నాలుగు" అంది.

బాబాయి చెవి దగ్గర పెన్సిలు సర్దుకున్నాడు. "ఫోనులో నాకు ముప్పై ఆరు చెప్పారు పెద్దమ్మా."

"చెప్పాను. గుర్తుంది."

"మరి ఇప్పుడు ముప్పై నాలుగంటున్నారు."

"ఆ రోజూ ముప్పై నాలుగే చూశాను." నానమ్మ నిటారుగా లేచింది. ఒక చేత్తో టేపు పట్టుకునే ఉంది, రెండో చేత్తో నోరు మూసుకుంది. కాసేపటికి వేళ్ళ సందుల్లోంచి మాట వచ్చింది. "నా మతి మండిపోనూ. గుడ్డ వదిలానురా."

ముందు నవ్వింది అమ్మ. పాదానికి దెబ్బ తగిలినప్పుడు కూడా అంత గట్టిగా అరవలేదు. బాబాయి పలకకు ఆనుకుని నవ్వాడు.

"రేపు అల్మరా లావెక్కితే విప్పుకోవచ్చులే నానమ్మా" అన్నాను. సబ్బు పెట్టె వచ్చి నా భుజానికి తగిలింది. గురి తప్పలేదు, కళ్ళు బాగానే ఉన్నాయి.

"నాకూ అనుమానం వచ్చింది పెద్దమ్మా" అన్నాడు బాబాయి కళ్ళు తుడుచుకుంటూ. "ఆ గదికి ముప్పై ఆరు ఎక్కువే అనిపించింది. కానీ మీ కొలతను నేను కొలవడమేంటని ఊరుకున్నా."

"ఊరుకోకుండా ఉంటే నీ సొమ్మేం పోయేదిరా?"

"నా చొక్కాలు పోయేవి."

ఒక్క నాన్న నవ్వలేదు. తల్లి తన పొరపాటును కప్పుకోవడానికి కబుర్లు చెబుతోందని, మేము ఆమె మనసు నొప్పించలేక తాళం వేస్తున్నామని ఆయన అనుకున్నాడు. "ఇటివ్వమ్మా, నేను చూస్తా" అని టేపు తీసుకున్నాడు.

గోడకు టేపు ఆనించాడు. రెండో కొస పట్టుకుని అంకె వైపు చూశాడు. కనుబొమలు ముడిచాడు. తల వెనక్కి వంచాడు. ఇంకొంచెం వంచాడు. ఇంకొంచెం వంచేసరికి వెనక గోడ తగిలింది. తల పోవడానికి చోటు అయిపోయింది గాని అంకె మాత్రం దగ్గరకు రాలేదు. చివరికి గట్టిగా ఊపిరి వదిలాడు.

"ముప్పై ఏడు" అన్నాడు.

కొళాయిలోంచి ఒక బొట్టు జారి బేసిన్‌లో పడింది.

"అన్నా" అన్నాడు బాబాయి ఎంతో వినయంగా. "అల్మరా ముప్పై ఆరు. నేను కోసిన పలక, అందులో తేడా లేదు. ఖాళీ ముప్పై ఏడైతే ఇంకా అంగుళం మిగలాలి. మేము తోయడం రాక తోశామేమో. మీరొకసారి చూడండి."

నాన్న చొక్కా చేతులు పైకి మడిచాడు. నిజంగానే తోశాడు. ముందు నడుముతో, తర్వాత భుజంతో, ఆఖరుకు బ్రేకు తొక్కే కాలితో. గోడ సున్నం కాస్త రాలి ఆయన బూట్ల మీద పడింది. అల్మరా ఉన్నచోట ఉన్నట్టే ఉంది. లెక్క ప్రకారం దూరాల్సిందే గాని, అల్మరాకు లెక్కలు రావు.

నేను నోరు తెరిచాను. అమ్మ నా కాలు తొక్కింది, మంచి కాలితో.

అప్పుడు నానమ్మ ముందుకొచ్చింది. ఒక్క మాటతో మిషను ఆమెకే దక్కిపోయేది. నీకే కనపడటం లేదురా అంటే చాలు. ఆమె టేపు ఆయన చేతిలోంచి తీసుకుని, "ఈ గదిలో వెలుతురు చాలదురా నాయనా. ఎప్పుడూ మసక మసకే" అంది.

పొద్దునే బాబాయి పని కోసం అక్కడ కొత్త బల్బు పెట్టాం. ఆ వెలుగులో నేల మీద చీమ మీసాలు కూడా లెక్కపెట్టొచ్చు.

నాన్న ఆ బల్బు వైపు చూశాడు. తర్వాత బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. "నీకెంత కనపడింది?"

"ముప్పై నాలుగు."

"నాకు నాలుగు ఏడులా ఎందుకు కనపడింది?"

"ఎన్నాళ్ళైందిరా చెయ్యి చాచి చదవడం?"

ఆయన బూట్ల మీది సున్నం దులుపుకున్నాడు. "రోడ్డు బాగానే కనపడుతుంది. వీధి చివర బస్సు నెంబరు ఇక్కడి నుంచి చెబుతా. దగ్గరున్నదే అలుక్కుపోతుంది. టైముల పట్టీ కండక్టరుతో చదివించుకుంటున్నా. కళ్ళలో నలక పడిందని చెప్పా."

"ఇన్నాళ్ళూ ఒకటే నలకా?" అంది అమ్మ.

"రోజూ పొద్దున పేపరు చదువుతున్నావుగా నాన్నా?" అన్నాను ఆగలేక.

"బొమ్మలు చూస్తున్నా."

దాంతో బాబాయి మళ్ళీ పలకకు ఆనుకోవాల్సి వచ్చింది. నాన్న కూడా నవ్వాడు, మొదట పళ్ళ మీద, తర్వాత పొట్టలోంచి. తన కళ్ళ భయాన్ని ఇన్నాళ్ళూ మోసుకెళ్ళి తల్లి ముక్కు మీద పెట్టాడని మాకందరికీ అర్థమైంది. ఆయనకూ అర్థమైంది. నానమ్మ ఆయన తలలో సున్నం ఏరుతూ నిలబడింది.

అంతటితో అయిపోతే నానమ్మ నానమ్మ కాదు. "ఒరే, కళ్ళ సంగతి అలా ఉంచు" అంది. "చూపు తప్పకపోయినా చెప్పిన అంకె తప్పే. నా నోటివెంట వచ్చిందే నా కొలత. మాటంటే మాటే. ఆదివారం నీ చెల్లెల్ని రమ్మను, మిషను ఇచ్చేస్తా."

"అమ్మా..."

"నాకు జాలి చూపించకు. నేనెప్పుడైనా పొట్టి చేతులు కుట్టి, నీ చేతులే పొడుగన్నానా?"

మిషను పోతే నా గుండీల ఉద్యోగమూ పోతుందని నాకప్పుడు తట్టింది గాని, నానమ్మ ముఖం చూశాక నా ఉద్యోగం గురించి మాట్లాడబుద్ధి కాలేదు. చివరికి నాన్నే, "ముందు ఈ అల్మరా సంగతి తేల్చు. మిషను గురించి నేను చెల్లెలితో మాట్లాడతాలే" అని లేచాడు.

బాబాయి తల గోక్కున్నాడు. "ఇది వాడుకోలేం పెద్దమ్మా. ఇంకెవరికైనా పనికొస్తుందేమో చూసి, మీకు కొత్తది చేస్తా."

"కొత్తదెందుకు? విప్పు."

"ఇది చొక్కా కాదు, చెక్క."

"మేకులు కొట్టావా, స్క్రూలా?"

"స్క్రూలే."

"స్క్రూ అంటే కుట్టే కదరా. విప్పు."

వాకిట్లో దుప్పటి పరిచి అల్మరాను పడుకోబెట్టారు. నానమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, చెవి పక్కనుంచి సుద్దముక్క తీసింది. బాబాయి చెవి పక్కన పెన్సిలు, ఈమె చెవి పక్కన సుద్ద. ఇద్దరూ ఒకే బడిలో చదివినట్టున్నారు. అతను ఒక పక్క పలక జరిపి రెండంగుళాలు కోసేద్దామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

"ఒక్క పక్కే తగ్గిస్తే ఒక తలుపు లావు, ఒక తలుపు సన్నం. నడుము వంకర పోతుంది. ఇటో అంగుళం, అటో అంగుళం తియ్యి."

"అలాగైతే రెండు తలుపులూ కోయాలి. పని రెట్టింపు. ఉన్నదాన్ని చిన్నది చేయడం కొత్తది చేయడం కన్నా కష్టం పెద్దమ్మా."

"ఈ మాట నేను రోజుకోసారి అంటే ఈ వీధిలో ఎవరైనా విన్నారా? ఇప్పుడు నీ వంతు వచ్చింది. కోయి."

నీలం పలకల మీద నానమ్మ తెల్లటి గీతలు గీసింది. బాబాయి రంపం పట్టాడు. కోసిన అంచులకు చిత్రిక పట్టాడు. పొట్టు గాలికి లేచి, అమ్మ అప్పుడే ఆరేసిన దుప్పట్ల మీద వాలింది. అమ్మ ఒకసారి దులిపి, మళ్ళీ అల్మరా దగ్గరకే వచ్చింది. కొత్త అల్మరా ముందు పాత దుప్పట్లకు విలువేముంది? వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూసి, టేపు మామ్మ చెక్కలు కూడా కుడుతోందా అని అడిగిపోయారు. "నడుము తగ్గిస్తోంది. మీదీ తగ్గించాలా?" అని నేను జవాబు చెప్పాను. నాన్న కూడా చొక్కా విప్పి కూర్చుని స్క్రూలు అందించాడు. చిన్న స్క్రూ అడిగితే పెద్దది, పెద్దది అడిగితే చిన్నది ఇస్తుంటే, నానమ్మ తన కళ్ళద్దాలు తీసి ఆయన ముక్కు మీద పెట్టింది.

ఆయన అరచేతిలో స్క్రూ చూసుకున్నాడు. "దీనికి చుట్టూ మరలున్నాయే" అన్నాడు.

"పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి" అంది అమ్మ.

తర్వాత ఆయన చాలాసేపు స్క్రూలు ఇవ్వలేదు. సబ్బు పొట్లం మీది అక్షరాలు, పిడి కింద అంటించిన చీటీ, తన అరచేతి గీతలు, ఏది దొరికితే అది చదువుకుంటూ కూర్చున్నాడు. నానమ్మ అద్దాలు లేకుండా గీతలు గీయలేక, అడిగి అడిగి చివరికి లాక్కుంది.

ఎండ తగ్గేసరికి అల్మరా నిలబడింది. ఈసారి మోయడానికి ఐదుగురమూ వెళ్ళాం. అంతమంది అక్కర్లేదు గాని ఎవరూ బయట ఉండలేకపోయారు. బాబాయి ఒక్క తోపు తోశాడు. ఒరలో కత్తి దూరినట్టు, చప్పుడు లేకుండా గోడల మధ్యకు వెళ్ళి కూర్చుంది. నానమ్మ అటు పక్క సందులో గోరు పెట్టి చూసింది, ఇటు పక్క సందులో గోరు పెట్టి చూసింది. గోరు దూరలేదు.

"ఇందులో గుడ్డ వదల్లేదుగా పెద్దమ్మా?" అన్నాడు బాబాయి.

"వదిలే చోటేదిరా" అంది, కొంచెం దిగులుగానే. బిగుతుగా ఉన్నది ఏదైనా ఆమెకు నచ్చదు.

అర్ధగంటలో అమ్మ ఆ అల్మరాకు చట్టాలు చేసేసింది. పై అర ఆమెది, మధ్య అర నానమ్మది, కింది అర నాన్నది. నాకు ఒక మూల, అదీ బాతుతో సరిపెట్టుకోవాలి. ఆ సాయంత్రం మా ఇంట్లో అందరూ మాటిమాటికీ చేతులు కడుక్కున్నారు. బాబాయి వెళ్ళేటప్పుడు కూడా చెప్పులు వేసుకుని, మళ్ళీ విప్పి, వెళ్ళి ఒకసారి చేతులు కడుక్కుని వచ్చాడు.

రాత్రి భోజనాలకు ముందు నాన్న ఫోను చేతికి తీసుకున్నాడు. చెయ్యి పూర్తిగా చాచి, పేరు కనపడక నాకిచ్చాడు. "మీ అత్తకు కలుపు. గట్టిగా వినపడేలా పెట్టు."

నానమ్మ మిషను ముందు కూర్చుని ఉంది. కుట్టడం లేదు, దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తోంది. పంపించేముందు బిడ్డకు ముఖం తుడిచినట్టు తుడుస్తోంది. కలిపాను.

"అన్నయ్యా, నేనే చేద్దామనుకుంటున్నా. ఆదివారానికి బండి మాట్లాడాను" అంది అత్త.

"బండి వద్దులేవే. మిషను రాదు."

"రాదంటే?"

"గుమ్మంలోంచి బయటకు రాదు. పట్టడం లేదు."

గుడ్డ పట్టుకున్న నానమ్మ చెయ్యి ఆగింది.

"పట్టకపోవడమేంటి?" అంది అత్త. "మరి లోపలికెలా వెళ్ళింది?"

నాన్న ఇంత ఆలోచించలేదు. గుమ్మం వైపు చూశాడు, సాయం కోసం నా వైపు చూశాడు, నేను పైకప్పు వైపు చూశాను. "అప్పుడు గుమ్మం పెద్దది" అన్నాడు.

"గుమ్మం చిన్నదవుతుందా అన్నయ్యా?"

"వానలకు ఉబ్బింది."

"ఈ ఏడు వానలెక్కడ పడ్డాయి?"

"చూడవే, నీతో నాకు వాదనెందుకు? టేపు పెట్టి కొలిచాకే చెబుతున్నా. గుమ్మం ఇంత, మిషను ఇంత. రాదంటే రాదు. ఈ ఏడాదే కాదు, ఎప్పటికీ రాదు."

అత్త గొంతు కాస్త మారింది. "కొలిచింది ఎవరు? అమ్మేనా?"

"కాదు. నేనే."

"నువ్వా?" అత్త నవ్వు ఆపుకుంటోందో, నమ్మలేకపోతోందో తెలియలేదు. "అమ్మకివ్వు ఒకసారి."

నేను ఫోను నానమ్మ ముందు పెట్టాను. ఆమె గుడ్డను పక్కన పడేసింది. కళ్ళద్దాలు సరిచేసుకుంది. నాన్న గోడకు తిరిగి, లేని సున్నం దులుపుకుంటున్నాడు.

"అవునే, వాడే కొలిచాడు" అంది నానమ్మ. "మీ అన్నయ్య కొలిస్తే ఇంక తిరుగులేదు. నీ కొలతలు పట్టుకుని నువ్వే రా, నీకో గౌను కుడతా. ఉంటాను, పనుంది."

మిషను పెడలు మీద కాలు వేసింది.